ముప్పై సర్టిఫికెట్లలో తరగతి గదిలోకి వచ్చినవి ఎన్ని?

పలకా బలపం
శనివారం, రాత్రి 9.40

ఫోనులో చోటు లేదని మా అమ్మాయి గోల పెడితే సాయంత్రం పాత ఫైళ్లు తీసేస్తూ కూర్చున్నాను. టీచర్ల కోర్సులు వచ్చే ప్రభుత్వ యాప్ ‘దీక్ష’ పేరుతో ఫోల్డరు ఒకటి బయటపడింది. కేంద్రం టీచర్లకిచ్చే శిక్షణ ‘నిష్ఠ’లో 2020 అక్టోబర్‌లో మొదలైన ఆన్‌లైన్ కోర్సులవి 18, ఆ మరుసటి ఏడాది పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం మీద వచ్చిన నిష్ఠ 3.0వి 12. మొత్తం ముప్పై సర్టిఫికెట్లు. అన్నిటి మీదా నా పేరు ఉంది.

వరుసగా తెరిచి చూశాను. కోర్సు పేరు చదవగానే లోపల ఏముందో గుర్తొచ్చినవి నాలుగు. తరగతిలో నేను నిజంగా చేసి చూసినది ఒకటే, బొమ్మలతో బోధన. అది కూడా రెండు వారాలు చేశాను. తర్వాత ఆ బొమ్మల అట్టపెట్టె బీరువా మీదకు ఎక్కింది. ఇంకా అక్కడే ఉంది.

నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచరును. ప్రకాశం జిల్లాలో ఇద్దరు టీచర్ల బడి మాది. కోర్సులను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు చదువుకోవచ్చు అన్న ఆలోచన నాకు నిజంగానే నచ్చింది. కానీ నా ముప్పైలో ఇరవై తొమ్మిది ఎక్కడికి పోయాయి? మీ సంగతి చెప్పండి. మీ బడిలోకి నడిచి వచ్చిన కోర్సు ఏది? ఏదీ లేకపోతే ఆ మాటే రాయండి, ఇక్కడ మన పై అధికారులు ఎవరూ లేరు (ఉన్నా మారుపేర్లతోనే ఉంటారు).

చాక్‌పీసు ధూళి
శనివారం, రాత్రి 10.05

నా లెక్క: ముప్పైకి సున్నా.

దాచుకోవడం ఎందుకు, ఎలా పూర్తి చేశానో కూడా రాస్తాను. వీడియో పెట్టి, ధ్వని తగ్గించి, ఫోనును బియ్యం డబ్బా మీద నిలబెట్టి వంట చేసుకునేదాన్ని. అది అయిపోయాక వచ్చి ‘తరువాత’ నొక్కడం. చివరి పరీక్షలో 70 శాతం రావాలి, అందుకు మూడు అవకాశాలు. మూడో అవకాశం దాకా ఎవరూ వెళ్లలేదు. జవాబుల పీడీఎఫ్ అప్పటికే మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతూ ఉండేది. ఒకసారి ఆ పీడీఎఫ్‌లోనే రెండు జవాబులు తప్పు పడ్డాయి. గ్రూపులో ఉన్న అందరికీ ఒకే మార్కులు!

మర్నాడు బడిలో నాలుగో తరగతి పిల్లవాడు పక్కవాడి పలక చూసి రాస్తే కసిరాను. వాడు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. వాడికి ఏమీ తెలియదనుకోండి, అయినా.

పలకా బలపం
శనివారం, రాత్రి 10.12

మేడమ్, ఆ పీడీఎఫ్ మా మండలానికి కూడా వచ్చింది. ఆ రెండు తప్పులతో సహా.

లెక్కల మాస్టారు
ఆదివారం, ఉదయం 6.30

నాకు ఒకటి వచ్చింది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నిష్ఠ 3.0లో తొమ్మిదోది పునాది సంఖ్యాజ్ఞానం. అది చూస్తున్న వారమే మూడో తరగతికి అంకెలు చెబుతున్నాను. నూట ఐదు రాయమంటే పదిహేడు మందిలో ఆరుగురు 1005 అని రాశారు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న తప్పే ఇది. ఎప్పుడూ చేసే పనే చేయబోయాను, అంటే కొట్టేసి పక్కన 105 రాసి ‘ఇలా రాయాలి’ అని చెప్పడం. కోర్సు అప్పుడే చూస్తున్నాను కాబట్టి కావచ్చు, చెయ్యి ఆగింది. ఒక అమ్మాయిని పిలిచి, ఇది ఎలా రాశావమ్మా అని అడిగాను.

ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. ‘ముందు నూరు రాశాను సార్, తర్వాత ఐదు రాశాను.’

అందులో తప్పు ఎక్కడ ఉంది చెప్పండి! చెవికి విన్నది విన్నట్టు రాసింది. నూట ఇరవై మూడును 10023 అని రాసేవాళ్లదీ ఇదే లెక్క. వాళ్లకు తెలియనిది ఒక్కటే. ఐదు వచ్చి కూర్చునేది నూరు పక్కన కాదు, నూరు చివరన ఉన్న సున్నా మీద.

ఆ రాత్రి ఇంట్లో పాత శుభలేఖలు తీశాను. అట్ట మందంగా ఉంటుంది, వెనకవైపు తెల్లగా ఉంటుంది. నాలుగు అంగుళాల ముక్క మీద 1000, మూడు అంగుళాల ముక్క మీద 100, రెండు అంగుళాలది 10, ఒక అంగుళానిది 1. ఇలాగే తొమ్మిది వేలు, తొమ్మిది వందలు, తొంభై, తొమ్మిది దాకా మొత్తం 36 కార్డులు. ఒక అంకెకు సరిగ్గా ఒక అంగుళం ఉండాలి, లేకపోతే కుదరదు. మర్నాడు ఆ పిల్ల చేతికి 100 కార్డు, 5 కార్డు ఇచ్చాను. కుడి అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టమన్నాను. పెట్టింది. ఐదు వెళ్లి చివరి సున్నాను మూసేసింది. కార్డు ఎత్తి కింద సున్నా ఉందా లేదా అని చూసుకుంది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఎత్తింది. అలా ఏడెనిమిది సార్లు చేసి ఉంటుంది.

ఇది నా కనిపెట్టుడేమీ కాదు, స్థానవిలువ కార్డులు ఎప్పటినుంచో ఉన్నాయి. మా బడి కిట్టులో కూడా ఒక సెట్టు ఉండేది, సీలు విప్పకుండా.

కోర్సు వల్ల నాకు వచ్చింది ఆ ఒక్క ప్రశ్న. మిగిలిన పదకొండింటిలో నాకు కూడా పెద్దగా ఏమీ గుర్తు లేదు.

మన్యం మాస్టరు
ఆదివారం, ఉదయం 11.20

మాస్టారూ, ఆ కార్డుల ఫొటో పెట్టండి దయచేసి.

నాది అల్లూరి సీతారామరాజు జిల్లా, ఒడిశా సరిహద్దు, ఏకోపాధ్యాయ పాఠశాల. సిగ్నల్ కావాలంటే బడి వెనక గట్టు ఎక్కాలి. ‘ఎప్పుడైనా ఎక్కడైనా నేర్చుకోవచ్చు’ అన్న మాట వింటే మాకు ఆ గట్టే గుర్తొస్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, యాప్‌లో కోర్సును దించుకుని నెట్ లేకుండా కూడా చూడవచ్చు. ఆదివారం సంతకు దిగినప్పుడు వారానికి సరిపడా దించుకునేవాణ్ని. చూసినదంతా లెక్కలోకి రావాలంటే మళ్లీ నెట్ దొరికినప్పుడు సింక్ చేయాలి. ఆ సంగతి తెలియక ఒకసారి సింక్ చేయకుండానే ఫోను మార్చాను. మూడు కోర్సులు మళ్లీ మొదటి నుంచి. తప్పు నాదే.

నాకు పనికొచ్చినది ఏడోది, ప్రాథమిక తరగతుల్లో బహుభాషా బోధన. మా పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, కొందరిది కువి. ఒకటో తరగతిలో నీళ్ల బొమ్మ చూపించి ఇది ఏమిటి అంటే ఒక పిల్లవాడు నోరు విప్పలేదు. రోజూ అంతే. వీడికి ఏమీ రాదని రిజిస్టరులో దాదాపు రాసేశాను. ఆ కోర్సు తర్వాత, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు అని అడిగాను. ‘పాణి’ అన్నాడు, వెంటనే. బోర్డు మీద తెలుగు అక్షరాల్లో ‘పాణి’ అని రాసి, కింద ‘నీళ్లు’ అని రాశాను. తన ఇంటి మాట బోర్డు మీద ఉందని వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ తర్వాత బొమ్మల పుస్తకం అయిపోయేదాకా వాడు ఆగలేదు, నాకే సుద్దముక్క అరిగిపోయింది.

ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ వంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చినవాళ్లం మనం. ఆ పుస్తకాలు మా బీరువాలో కొన్ని ఉన్నాయి. వాటిని ఎందుకు తెరవాలో నాకు చెప్పింది ఈ కోర్సే.

పాత హెడ్మాస్టరు
ఆదివారం, మధ్యాహ్నం 3.15

రిటైరై తొమ్మిదేళ్లయింది, నా దగ్గర ఒక్క సర్టిఫికెట్టూ లేదు. అయినా చర్చ చూసి ఊరుకోలేకపోయాను.

మా కాలంలో శిక్షణ అంటే వేసవి సెలవుల్లో మండల కేంద్రం, టార్పాలిన్ పందిరి, పది రోజులు. పైన ఢిల్లీలో ఒకరు చెబుతారు, అది విన్నవాళ్లు హైదరాబాదులో చెబుతారు, అది విన్నవాళ్లు జిల్లాలో, ఆ పైన మండలంలో. పైన గడ్డపెరుగు, మా దాకా వచ్చేసరికి మజ్జిగ తేట. తేటలో ఉప్పు ఉంటే ఆ సంవత్సరం అదృష్టం అనుకునేవాళ్లం. ఆన్‌లైన్ వచ్చినందుకు నేను సంతోషించిన కారణం ఇదే. మధ్యలో నీళ్లు పోసేవాళ్లు తగ్గారు. నిష్ఠ 2019 ఆగస్టులో మొదలైనప్పుడు లక్ష్యం టీచర్లు, హెడ్మాస్టర్లు, శిక్షకులు అంతా కలిపి 42 లక్షల మంది. అంతమందిని పందిళ్ల కింద కూర్చోబెట్టడం అయ్యే పని కాదు.

కానీ పందిట్లో ఒకటి ఉండేది, అది మీ ఫోనులో లేదు. ఎనభైల చివర బ్రిటన్ సాయంతో ఏపీపీఈపీ అనే ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. ఆరు సూత్రాలు నేర్పారు. వాటిలో ఒకటి, పిల్లలు చేసిన పనిని తరగతి గదిలోనే ప్రదర్శించాలి. గోడకు ఈ మూల నుంచి ఆ మూలకు తీగ కట్టి పిల్లల కాగితాలు వేలాడదీసేవాళ్లం. ఆ పథకంలోనే ఉపాధ్యాయ కేంద్రాలని పెట్టారు, పది పన్నెండు బడుల వాళ్లం అక్కడ కలిసేవాళ్లం. నా తీగ తెగిపోతే పక్క ఊరి మాస్టారు వచ్చి నవ్వేవాడు. ఆ నవ్వు భయంతో మళ్లీ కట్టేవాణ్ని. సర్క్యులర్‌కు భయపడి ఎప్పుడూ కట్టలేదు.

అమ్మా పలకా బలపం గారూ, మీ అట్టపెట్టె బీరువా మీదకు ఎక్కినప్పుడు అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పలకా బలపం
ఆదివారం, రాత్రి 8.50

ఎవరూ లేరండీ. మా బడిలో రెండో టీచరు ఆ ఏడాదే బదిలీ అయ్యారు.

చాక్‌పీసు ధూళి
ఆదివారం, రాత్రి 9.10

హెడ్మాస్టరు గారూ, నమస్కారం. పందిళ్లను మరీ పొగడకండి. నేనూ చివరి పందిళ్లు చూశాను. మధ్యాహ్నం భోజనం తర్వాత సగం మంది సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. అప్పుడు సంతకం, ఇప్పుడు ‘తరువాత’ బటన్.

అసలు అడ్డు సమయం. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి పెట్టాలంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పని దినాలు. భాగిస్తే రోజుకు 15 నిమిషాలు. వినడానికి ఎంత తక్కువో చూడండి. ఆ 15 నిమిషాలు ఎక్కడున్నాయో నాకు చూపించండి. హాజరు యాప్‌లోనా, మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కించేటప్పుడా? ఉన్నది రాత్రి పది తర్వాతే. పదింటికి ఆడ టీచరు తీసుకునే ‘స్వీయ శిక్షణ’ ఎలా ఉంటుందో బియ్యం డబ్బాను అడగండి.

మంజీర తీరం
సోమవారం, సాయంత్రం 5.40

అదే విధానపత్రంలో ఆ 50 గంటల వాక్యం మొత్తం చదవండి మేడమ్. టీచర్లు తమ ఆసక్తుల మేరకు నడిచే వృత్తి వికాసం అని ఉంది. ‘తమ ఆసక్తుల మేరకు’ అన్న ముక్కను దారిలో ఎవరో జారవిడిచారు. మనకు చేరింది జాబితా, గడువు తేదీ, ఎవరు పూర్తి చేయలేదో ఎర్రరంగులో చూపించే పట్టిక. ఎక్కడ చదవాలో నా ఇష్టం, ఏది చదవాలో మాత్రం కాదు.

నేను సంగారెడ్డి జిల్లాలో భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంటును. ఇందుకు భిన్నమైనది ఒకటి చూశాను కాబట్టి రాస్తున్నాను. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్), అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం, టాటా ట్రస్టులు కలిసి క్లిక్స్ అనే కార్యక్రమం నడిపాయి. తెలంగాణలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు కొన్ని అందులో ఉన్నాయి, మాది ఒకటి. టీచర్లకు ఆన్‌లైన్ కోర్సులు ఉండేవి, వాటితోపాటు సబ్జెక్టు టీచర్లకు టెలిగ్రామ్ గ్రూపులు ఉండేవి. కోర్సు సామగ్రి బాగుండేది, కాదనను. కానీ నేను రోజూ తెరిచింది గ్రూపును. కటకంతో తెర మీద తలకిందుల ప్రతిబింబం ఎందుకు పడుతుందని ఒక పిల్ల అడిగితే నాకు సరైన జవాబు తట్టలేదు, గ్రూపులో పెట్టాను. రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. ఒకాయన కొవ్వొత్తి, భూతద్దం పెట్టి చేసి వీడియో పంపారు. వెనక వాళ్ల ఆవిడ ‘ఇంకా పడుకోరా’ అనడం కూడా వినిపించింది. ఆ రాత్రి కూడా పదే దాటింది మేడమ్, ఎవరికీ బరువనిపించలేదు.

డైట్ మెట్లు
సోమవారం, రాత్రి 9.30

గోడకు అవతలి వైపు నుంచి రాస్తున్నాను. కొన్నేళ్లు ఇలాంటి కోర్సుల తెలుగు పాఠాల పనిలో ఉన్నాను. ఏ కార్యాలయమో అడగకండి.

ఆంధ్రప్రదేశ్‌లో 1,200 మంది కీలక వనరుల వ్యక్తులతో (మిగతా టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు) 2020 జూలై 16న ఆన్‌లైన్ నిష్ఠ మొదలైంది. దేశంలో ఆన్‌లైన్‌గా అదే మొదటిది. అప్పటి దాకా ఐదు రోజుల ముఖాముఖి శిక్షణగా ఉన్నదాన్ని కరోనా కాలంలో తెర మీదకు మార్చారు. మార్చినప్పుడు చెప్పే మాట వచ్చింది, చేయించే పని రాలేదు. హాలులో నలుగురిని గుంపుగా కూర్చోబెట్టి చేయించేదాన్ని తెర మీద ‘ఆలోచించండి’ అన్న ఒక పెట్టెగా మార్చాం. ఆ పెట్టె దగ్గర ఎవరూ ఆగరని మాకు తెలుసు.

తెలుగు సంగతి కూడా చెబుతాను. మూలం ఇంగ్లీషు, గడువు దగ్గర. ‘సామర్థ్యాధారిత విద్య వైపు స్థానాంతరణ’ వంటి వాక్యాలు ఎంత నిద్రమత్తులో పుట్టాయో నాకు తెలుసు. వాటిలో కొన్ని నావే, క్షమించండి. లెక్కల మాస్టారు గారి అమ్మాయి చెప్పిన ‘ముందు నూరు రాశాను సార్’ అన్న మాట ఒక్కటి ఆ పాఠంలో ఉండి ఉంటే పది స్లైడ్లు తీసేసేవాళ్లం.

ఇంకొకటి. వ్యవస్థ దేన్ని లెక్కపెట్టగలదో దాన్నే లెక్కపెడుతుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎవరికి 70 శాతం దాటింది. ఇష్టపూర్వకంగా చేరే ఆన్‌లైన్ కోర్సుల్లో ప్రపంచమంతటా మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ. మన దగ్గర దాదాపు అందరూ పూర్తి చేస్తే పైన విజయం అనుకుంటారు. నాకు అది ప్రమాద సంకేతంలా కనిపించేది. ఒక సమావేశంలో ఆ మాట అన్నాను. తర్వాతి సమావేశానికి నన్ను పిలవలేదు.

చాక్‌పీసు ధూళి
సోమవారం, రాత్రి 9.44

‘స్థానాంతరణ’ మీదా! మా బడిలో బదిలీకి దరఖాస్తు పెట్టమన్నారేమో అనుకున్నాం.

సాగరతీరం
మంగళవారం, ఉదయం 7.05

విశాఖలో సీబీఎస్‌ఈ ప్రైవేటు పాఠశాల టీచరును. మాకూ 50 గంటలే. అందులో 25 బోర్డు లేదా ప్రభుత్వ సంస్థల శిక్షణ, 25 బడిలోనే. మీరంతా ఆన్‌లైన్‌ను తిడుతున్నారు కానీ నా వంటివాళ్లకు అది వరం. సెలవు పెడితే జీతం కోత. మంచి శిక్షకుడు మా ఊరు రాడు. రాత్రి చెవిలో పెట్టుకుని విన్నదే నాకు దక్కింది. ఇష్టమైనచోట ఆపి, వెనక్కి తిప్పి, నోటుబుక్కులో రాసుకుంటాను. పందిట్లో మాట్లాడే మనిషిని వెనక్కి తిప్పలేం కదా.

అందరి సోమరితనాన్నీ యాప్ నెత్తిన రుద్దకండి.

చాక్‌పీసు ధూళి
మంగళవారం, ఉదయం 7.30

సోమరితనం అన్న మాట నాకు తగిలింది. అయినా తీసేయమని అడగను. సున్నా అని నేనే రాశాను.

లెక్కల మాస్టారు
మంగళవారం, సాయంత్రం 6.00

సాగరతీరం మేడమ్ అన్నది ఒక సగం నిజం. ధూళి మేడమ్ అన్నది రెండో సగం. నేను ఆ రోజు చెయ్యి ఆపింది మూడో తరగతికి అప్పుడే అదే పాఠం చెబుతున్నాను కాబట్టి. అదే కోర్సు వేసవిలో వచ్చి ఉంటే నాకూ బియ్యం డబ్బానే. నా ఊహ ఇది: మనం చెబుతున్న పాఠం, చూస్తున్న కోర్సు ఒకే వారంలో కలవాలి. కలపాలంటే జాబితాలో ఏది ఎప్పుడు చూడాలో టీచరే తేల్చుకోవాలి. 12 వద్దు, ఏడాదికి రెండు చాలు.

ఫొటో పెట్టాను, చూడండి. శుభలేఖల వెనక వధూవరుల పేర్లు కనిపిస్తే మన్నించాలి.

మంజీర తీరం
మంగళవారం, సాయంత్రం 6.25

రెండు చాలు అన్నదానితో ఏకీభవిస్తాను. దానికి ఇంకొకటి చేర్చండి, చుట్టుపక్కల బడుల టీచర్లం నెలకోసారి కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. మా దగ్గర సగం సమయం సర్క్యులర్లు చదవడానికే పోతుంది. ఆ గంటలో నలుగురం ఒకే కోర్సులో ఒకే ముక్క చూసి వచ్చి మాట్లాడుకుంటే హెడ్మాస్టరు గారి ఉపాధ్యాయ కేంద్రం మళ్లీ వచ్చినట్టే. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎజెండాలో ‘ఇతర అంశాలు’ అని ఒక వరుస ఎప్పుడూ ఉంటుంది.

పాత హెడ్మాస్టరు
మంగళవారం, రాత్రి 8.00

ఉంటుంది. ఆ వరుస కింద మేము సమోసాల ఖర్చు రాసేవాళ్లం.

పలకా బలపం
తర్వాతి ఆదివారం, సాయంత్రం 4.30

జరిగింది మీకు చెప్పుకోవాలి కదా. ఈ శనివారం మా కాంప్లెక్స్ సమావేశంలో ‘ఇతర అంశాలు’ వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. గొంతు వణికింది. మీ బడిలో 105ను 1005 అని రాసేవాళ్లు ఎంతమంది అని అడిగాను. పద్నాలుగు మంది టీచర్లలో పదకొండు చేతులు లేచాయి. సంఖ్యాజ్ఞానం కోర్సులో సర్టిఫికెట్టు ఎంతమందికి ఉందని అడిగితే పద్నాలుగూ లేచాయి. నవ్వుకున్నాం. నవ్వు ఆగాక మాట మొదలైంది, ఇరవై నిమిషాలు అనుకున్నది గంట దాటింది. వచ్చే నెలకు అందరం ఆ కోర్సులో ఆ ఒక్క భాగం మళ్లీ చూడాలి, ఒక పిల్లవాడి తప్పును వాడి మాటల్లోనే రాసి తేవాలి. ఇద్దరు అప్పుడే గొణిగారు, తెస్తారో లేదో తెలియదు.

అట్టపెట్టె బీరువా మీద నుంచి దిగింది. అందులో సగం బొమ్మలకు చెదలు పట్టాయి, మిగిలినవి కడిగి ఆరబెట్టాను.

కార్డులు కూడా చేశాను, రెండు సెట్లు. శుక్రవారం మూడో తరగతికి ఇచ్చాను. మాస్టారూ, మీకు ఒక ప్రశ్న. ఒక పిల్లవాడు 100 మీద 5 పెట్టి, సరే అన్నాడు. తర్వాత 1000 కార్డు తీసి దాని మీద 5 పెట్టి, ‘టీచర్, నేను నిన్న రాసింది ఇదీ’ అని చూపించాడు. వాడు ముందు రోజు తప్పు రాసిన 1005 అది. దాని పేరు ఏమిటని నేను అడిగేలోపే వాడే ‘వెయ్యి ఐదు’ అని చదివేశాడు. ఇప్పుడు వీడికి పదివేల కార్డు కావాలట. ఐదు అంగుళాల శుభలేఖ మా ఇంట్లో లేదు. మీ దగ్గర ఉందా?

లెక్కల మాస్టారు
ఆదివారం, సాయంత్రం 4.52

ఉంది. మా తమ్ముడి కూతురి పెళ్లిది, బంగారు అంచు. చిరునామా విడిగా పంపండి, రేపే పోస్టు చేస్తాను.